ఓనరమ్మ

"ఎనిమిదో గదిలో గీజరు షాక్ కొడతందని ఎన్నిసార్లు సెప్పాల నీకు?"

కౌంటరు వెనక కుర్చీలోంచి రత్న అరిచిన అరుపుకి, వరండాలో సెల్ఫీలు తీసుకుంటున్న టూరిస్టులు కూడా వెనక్కి తిరిగి చూశారు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ పైడిరాజు తలెత్తలేదు.

"మొన్న ఆ గది కడుగుతుంటే పనిమనిషి ఎగిరి గోడకి కొట్టుకున్నాదా లేదా? పేణం పోతే ఎవులిత్తారు, నీ బాబిత్తాడా?"

"రేపు మెకానిక్కుని పిలుత్తానమ్మా."

"రేపు! సెప్పీసి సెప్పీసి నా నోరు పడిపోతంది. నీకు మాత్రం సిగ్గు లేదు."

పక్కన సోఫాలో కూచున్న డిప్యూటీ తహసీల్దారు భారతి నవ్వు ఆపుకుంది. ఆమె వచ్చింది గీజరు కోసం కాదు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. 1/70 చట్టం అది. చట్టం చట్టంలాగే ఉంది, అరకు రోడ్డు పొడుగునా మైదానం వాళ్ల డబ్బుతో లాడ్జీలు మాత్రం లేస్తూనే ఉన్నాయి. కాగితం మీద ఓ కొండవాడి పేరు, గల్లాపెట్టె దగ్గర ఇంకొకడు. గిరిజనులు లాడ్జి కట్టుకుంటే సబ్సిడీ ఇస్తామని ప్రభుత్వం అన్నాక ఈ దొంగ యవ్వారం మరీ బలిసింది. కొండవాడి భూమిని కాపాడ్డానికి ఒక చట్టం, వాడి బతుకు బాగు చెయ్యడానికి ఒక పథకం. రెండూ కలిసి చేసిందల్లా వాడి పేరుకి గిరాకీ పెంచడం. థూ! పైగా తనిఖీకి వస్తున్నామని ఆఫీసు నుంచే ముందురోజే ఫోన్ చేసి మరీ చెప్తారు.

పొద్దుట్నించి తిరిగిన ప్రతి లాడ్జిలోనూ భారతి అదే భాగోతం చూసింది. "మీ లాడ్జిలో గదులెన్ని?" అని అడిగితే ఓనరు పక్కవాడి మొహం చూశాడు. ఒక ముసలాయనైతే "సావుకారికి తెలుసండి" అనేశాడు.

ఇక్కడ ఆ ప్రశ్న అడిగే అవసరమే రాలేదు. ఏ కిటికీ గొళ్లెం ఊడిందో, ఏ బాత్రూంలో నీళ్లు నిలుస్తాయో, ఏ పరుపులో నల్లులున్నాయో రత్న గుక్కతిప్పుకోకుండా ఏకరువు పెట్టింది.

"ఈయనెవరు?" అంది భారతి.

"మేనేజరు మేడం. కింద మైదానం నుంచొచ్చినాడు. జాలీ దయా లేని మనిషి."

"మరెందుకు భరిస్తున్నారు?"

రత్న మెళ్లో లావుపాటి గొలుసును వెనక్కి తోసుకుంది. "ఏటి సేత్తాం మేడం. ఒదిలీడానికి ఈ కొండల్లో ఇంకో దారి దొరకాల గదా."

అంతలో గేటు దగ్గర ఎవరో దగ్గారు. గూడెం నుంచి వచ్చిన ఫల్గుణ. అతని భుజం మీద గొంగట్లో చుట్టిన ఆరేళ్ల కూతురు స్వర్ణ. పిల్ల కళ్లు తేలేస్తోంది.

"బాబూ," అన్నాడు పైడిరాజుతో, "జొరం తగ్గట్లేదు బాబూ. గుంట పలకట్లేదు. జీపు ఇప్పించండి, పాడేరు పెద్దాసుపత్రికి తీసుకుపోతాను."

"పొద్దున్నే సెప్పాను గదరా! జీపు గెస్టులు బుక్ సేసుకున్నారు. జలపాతానికెళ్లొచ్చాక సూద్దాం."

రత్న కుర్చీలోంచి దిగ్గున లేచింది.

"జలపాతం ఎక్కడికీ పారిపోదు. తాళం ఇలా తే!"

"అమ్మా, అడ్వాన్సు తీసుకున్నాం..."

"ఈ జీపు ఎవులిది?"

పైడిరాజు ఓరగా భారతి వైపు చూశాడు. భారతి అతన్నే చూస్తోంది.

"నిన్నే అడుగుతున్నాను. ఈ జీపు ఎవులిది? ఈ లాడ్జి ఎవులిది? మేడం ముందర సెప్పు!"

"మీదేనమ్మా," అన్నాడు పైడిరాజు. మొహం కందగడ్డలా అయిపోయింది. జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

రత్న ఆ తాళం డ్రైవరు ఉదయ్ మీదికి విసిరింది. "బేగి పోనీ. గుంటని మంచమ్మీద పడుకోబెట్టి, సూది మందు పడేదాకా తిరిగి రాకు." గబగబా మెట్లు దిగి పిల్ల నుదురు తడిమింది. తన శాలువా తీసి పిల్ల కాళ్లకి చుట్టింది. ఫల్గుణ ఆమె మొహంలోకి చూసి జీపెక్కాడు.

జీపు వెళ్లిపోయింది.

"తల్లి లేదా ఆ పిల్లకి?" అడిగింది భారతి.

"ఉంది మేడం. ఇక్కడే గదులు ఊడుత్తాది. నిన్నట్నించీ సెలవడుగుతోంది. ఇయాల మేడంగారొత్తారు, అడుగు బయటెడితే పనిలోంచి తీసేత్తానన్నాడు, ఈ పెద్దమనిషి."

భారతికి ఒళ్లు మండిపోయింది. "నువ్వసలు మనిషివేనా?" అంది పైడిరాజుతో. "నీకూ పిల్లలుంటారుగా! ఓనరమ్మ మంచిది కాబట్టి ఆ పిల్ల బతికింది."

"తప్పయిపోయిందండి," అన్నాడు పైడిరాజు నేల చూపులు చూస్తూ.

నౌకరు యజమానిని ఇలా నిలబెట్టి కడిగెయ్యగలదా? అనుమానానికి చోటే లేదు. భారతి ఫైల్లో రాసి సంతకం పెట్టేసింది. "ఇవాళ చూసినవాటిలో ఇదొక్కటే నిజం లాడ్జి రత్నగారూ. ఆ తల్లిని కూడా ఆసుపత్రికి పంపించండి, పాపం."

"అలాగే మేడం," అంది రత్న. ఆమె చూపు జీపు వెళ్లిన దారి మీదే ఉంది.

భారతి కారు మలుపు తిరిగేదాకా పైడిరాజు చేతులు కట్టుకునే నిలబడ్డాడు. తర్వాత గేటు మూసి లోపలికొచ్చి, కౌంటరు ముందు చెయ్యి చాపాడు.

రత్న మెళ్లో గొలుసు తీసి ఆ చేతిలో పెట్టి, మూలనున్న చీపురు అందుకుంది.