బిడ్డ పాపాల చీటీ

"గిది గూడ పెట్టుకో బిడ్డా." తీర్థజలం సీసాను గుడ్డలో చుట్టి సంచిలోకి దూర్చింది దేవమ్మ.

"మూడొద్దుల ధ్యానానికి పోతున్ననే అమ్మా, యుద్ధానికి గాదు."

"సైతాను ఏ దిక్కెళ్లి వస్తదో ఎవలకెరుక?"

తాండూరు ఇంట్లో వాళ్ళిద్దరే. తండ్రి పోయాక శ్యామల బట్టలు కుడుతూ ఇల్లు నడుపుతోంది. ఇరవయ్యారేళ్ళు. వికారాబాద్ కాన్వెంట్‌లో ధ్యానం ముగిశాక, సిస్టర్‌గా చేరేదీ లేనిదీ చెప్పాలి. చేరితే బిడ్డ ఇక ఇంటికి రాదు. ఆ భయంతో దేవమ్మకు వారం రోజులుగా ముద్ద దిగడం లేదు.

చివరగా ఒక చీటీ తీసింది.

"ఏందది?"

"నీ పాపాలు. ఫాదర్ ముంగట పాపసంకీర్తనంల మర్సిపోతవని రాసిన."

శ్యామల చదివి, చీటీని మళ్ళీ తల్లి చేతిలోనే పెట్టింది. "నువ్వే చెప్పుకో పో."

దేవమ్మ నిజంగానే చెప్పింది. బిడ్డను దింపడానికి వెళ్ళిన ఆ శుక్రవారం, కాన్వెంట్ చర్చిలో తానూ వరుసలో నిలబడింది. జాలీ తెర ముందు మోకరించి చదివింది.

"అమ్మకు ఎదురు మాట్లాడిన. జపమాల నడుమ ఫోన్ చూసిన..."

"మీ అమ్మ నీతోనే ఉంటదా?" అవతలి నుంచి ఫాదర్ అడిగారు.

"అమ్మను నేనే ఫాదర్. ఇవి నా బిడ్డ పాపాలు."

"మరి నీ పాపాలేవమ్మా?"

దేవమ్మ చీటీ తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. దాన్ని మడిచి కొంగున కట్టింది.

"మూడు సంబంధాలు ఎల్లగొట్టిన ఫాదర్. దౌల్తాబాద్‌ది దూరమన్న. బంట్వారం పిలగానికి జపమాల రాదన్న. కోట్‌పల్లి మహిధర్ ఎడమచేత్తోని సిలువ గుర్తు ఏసుకుండని తిట్టి పంపిన. వాడంటే బిడ్డకు ఇష్టమే. అది పోతే నేనొక్కదాన్నయిత గద..."

"బిడ్డ ఏది కోరితే దానికి అడ్డం రాకు. అదే నీ ప్రాయశ్చిత్తం."

కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చింది. కాన్వెంట్ వంటమనిషి మానేసిందని తెలిసి, ఆ మూడు రోజులూ అక్కడే రొట్టెలు చేసింది. ముద్ద దిగింది. నిద్ర పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం సిస్టర్ పుష్ప శ్యామలను అడిగింది. "ఏమంటవు? దేవుడు పిలిచిండా?"

"లేదు సిస్టర్. నిజం చెప్తున్న, అమ్మ కాపలా తప్పించుకుందామని వచ్చిన."

సిస్టర్ నవ్వు ఆపుకోలేకపోయింది. పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది దేవమ్మ. శ్యామల బిక్కచచ్చిపోయింది.

"గా ఎడమచెయ్యి పిలగాని నంబరున్నదా?"

"...ఉన్నది."

"ఉంటదని నాకెరుకనే."

"సంబంధం సంగతి సరే," అంది సిస్టర్. "నీ రొట్టెలకు అలవాటు పడ్డం దేవమ్మా. రేపటికెళ్లి మా గతేంది?"

సాయంత్రం ప్యాసింజర్ వచ్చింది. లోపల కూర్చున్న శ్యామల, కింద నిలబడ్డ దేవమ్మ కిటికీ ఊచల మధ్య నుంచి చేతులు పట్టుకున్నారు. రైలు కదిలినా ఇద్దరికీ ఏడుపు రాలేదు.

ఈస్టర్ వెళ్ళాక పెళ్ళయింది. లడ్డూలు కాన్వెంట్ వంటింట్లోంచే వెళ్ళాయి.

ఆ ఆదివారం, 2023 మార్చి 12 నుంచి తాండూరు ఇంటికి తిరిగి రానిది దేవమ్మే.