మూడో పిలుపు

"నేను లోపలికి రాను," అంది మారిసెల్వి. వీపు మీది సంచి దించి, సందు మొదట్లో ఉన్న టీ అంగడి బల్ల మీద పెట్టింది.

పాండీశ్వరన్ నవ్వాడు. "కోవిల్‌పట్టి నుంచి రైళ్ళు మారి మారి భుజ్ దాకా వచ్చి, తీరా వీధి ముందర కూలబడతావా?"

"ఏముండాది చూసేదానికి? మనుషులు చచ్చిన ఇండ్లా?"

భూకంపం వచ్చి ఏడాది కావస్తోంది. పాత ఊరు సగం చదును చేశారు. ఊరి అవతల కొత్త రేకుల ఇళ్ళు మెరుస్తున్నాయి. ఈ సందులో మాత్రం గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి, ఎండాకాలం తమ వైపు విళాత్తికుళం చేలలాగా నిలువునా నెర్రెలిచ్చి. పడగొట్టాల్సిన వాటి మీద ఎర్ర రంగుతో అడ్డగీతలు కొట్టారు. దగ్గర్లోనే ఏదో యంత్రం రాతిని తొలుస్తోంది.

టీ అమ్మే ముసలామె హిందీలో ఏదో అని చేయి అడ్డంగా ఊపింది.

"ఆయమ్మ కూడా వద్దంటా ఉండాది చూడు."

"వచ్చినోళ్ళందరికీ అదే చెప్తుంది. నాలుగు ఫొటోలు తీసుకొని వచ్చేస్తా. నువ్వు ఈడే ఉండు."

"ఇదో," అంది ఆమె. పెళ్ళయినప్పటి నుంచి అతన్ని ఆమె పిలిచే పిలుపు అదొక్కటే. "పొద్దుగూకతా ఉండాది. బిరీన రా."

"రాకుంటే?"

"వచ్చి పిలుస్తా."

"ఏమని? ఇదో అనా? ఇదో అంటే ఊళ్ళో మగోళ్ళంతా తిరిగి చూస్తారు. పేరు పెట్టి పిలువు, ఏ మూలనున్నా పలుకుతా. ఏదీ, ఇప్పుడొకసారి అను. మన బాస తెలిసినోడు ఈడ ఎవడున్నాడు?"

"మొగుడి పేరెత్తితే ఆయుసు తగ్గుతుంది." ఆమె నవ్వలేదు. "మీ అమ్మే చెప్పింది."

"మా అమ్మ చెప్పనిదేముంది? పాడుబడిన చోట ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకగూడదని కూడా చెప్పింది. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందంట. మూడు దాకా లెక్క రాదంట. మన కంప్యూటర్ సెంటర్‌లో చేర్పిద్దాంలే."

సొంత జోకుకు తనే నవ్వుకుంటూ సందులోని ఒక ఇంట్లోకి వెళ్ళాడు.

వసారా దాటితే నడవా, నడవా దాటితే గది. గోడకు జనవరి దగ్గరే ఆగిపోయిన క్యాలెండరు. దూలానికి ఉయ్యాల కొక్కేలు. వంటింటి గూట్లో ఒక అగ్గిపెట్టె. దాని మీద తమ పక్క ఊరు సాత్తూరు పేరు చూసి పాండీశ్వరన్‌కు చుట్టం కనబడ్డట్టయింది. పెళ్ళికి ముందు సెల్వి ఇలాంటి పెట్టెల్లోనే పుల్లలు సర్దేది. చెవి దగ్గర పెట్టుకొని ఆడించాడు. లోపల పుల్లలు కదిలాయి. ఆ ఇంట్లో కదిలినవి అవే. పెట్టెను మళ్ళీ గూట్లోనే పెట్టేశాడు.

బయట యంత్రం ఆగింది.

అంత నిశ్శబ్దం తన చుట్టూ ఉందని అప్పటిదాకా అతనికి తెలియదు.

"పాండీశ్వరా!"

ఆడగొంతు. బావిలోంచి వచ్చినట్టు, నేల అడుగు నుంచి వచ్చింది.

అతను చుట్టూ చూశాడు. సెల్వి కాదు, అనుకున్నాడు. సెల్వి అయితే ఇదో అంటుంది. ప్రాణం పోయినా పేరెత్తదు. మరి ఈ ఊళ్ళో తన పేరు ఎవరికి తెలుసు?

"పాండీశ్వరా..."

ఈసారి పిలుపు సాగి, చివర విరిగింది. నాలుక మీదికి వచ్చేసిన "ఆ" అనే పలుకును అతను మింగేశాడు. మూడోసారి పిలవనీ, పలుకుతాను. తనకు తానే చెప్పుకున్నాడు. అమ్మ పక్కలో ముడుచుకు పడుకున్న పిల్లవాడూ, కంప్యూటర్ సెంటర్ నడిపే మాస్టరూ ఒకే చొక్కాలో నిలబడి చెవులు రిక్కించారు.

మూడో పిలుపు రాలేదు.

అతనికి భయం పోలేదు గానీ, తాను చేసింది సరైనదేనన్న ధైర్యం మాత్రం వచ్చింది. వెనక వైపు కూలిన గోడ దాటి, ఇంచుమించు పరుగెత్తుతూ, చుట్టు తిరిగి టీ అంగడి దగ్గరికి వచ్చాడు.

బల్ల మీద సెల్వి సంచి ఉంది. సెల్వి లేదు.

ముసలామె అతన్ని చూసి ఉలిక్కిపడింది. వేలితో అతన్ని చూపించింది. తర్వాత అదే వేలితో ఆ ఇంటిని చూపించింది.

ముసలామె కేకలకు యంత్రం దగ్గరి కూలీలు గడ్డపారలతో పరుగెత్తుకొచ్చారు. వసారాలో రాతిపలక కుంగిపోయింది. దాని కింద ఆ ఇంటి పాత నీళ్ళ తొట్టి, అందులో సెల్వి. వాళ్ళు రాళ్ళు తీస్తున్నంతసేపూ పాండీశ్వరన్ సందులోనే నిలబడ్డాడు.

రేకుల ఆసుపత్రిలో సెల్వి కాలికి పట్టీ వేశారు. ఆమె కనురెప్పల మీద ఇంకా సున్నం పొడి ఉంది. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ పాండీశ్వరన్‌ను ఆమె గోడను చూసినట్టు చూసింది.

"సెల్వీ, నేను... అది నువ్వని..." అన్నాడు.

నర్సు కేరళ అమ్మాయి, తమిళం వచ్చు. "ఎవరితో వచ్చావమ్మా? మీ ఆయన పేరేంటి?"

ఏ లాడ్జీలో అడిగినా ఆ జవాబు అతనే చెప్పేవాడు. ఇప్పుడూ నోరు తెరిచాడు.

"పాండీశ్వరన్," అంది సెల్వి, తడబడకుండా.

అది మూడో పిలుపు.

"ఆ," అని పలికాడు అతను.

సెల్వి అతని వైపు తిరగలేదు. నర్సు ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"సాయంత్రం ఆ ఇంట్లో చచ్చిపోయినాడు."