డాక్టరుగారి చివరి వాక్యం

"పిల్లను ఎండలోకి తీసుకురామ్మా, ఒక ఫోటో తీసుకుంటాను" అన్నాడు డాక్టర్ నరహరి, తోలు సంచీలోంచి కెమెరా బయటికి తీస్తూ.

రాజమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది.

"నన్ను మరిచిపోయినట్టున్నావు. ఆరేళ్ల కిందట బాలశౌరి నడుము చూసింది నేనే."

"ఎందుకు మరిచిపోతామయ్యా! దేవుడల్లే వచ్చారుగా."

ఆ మాట నరహరికి హాయిగా తగిలింది. గురజాల దాటి ఇంత దూరం జీపులో ఎగిరెగిరిపడుతూ వచ్చిన బడలిక సగం తీరింది.

పంతొమ్మిది వందల అరవై రెండులో ఆయన ఈ ఊరికి మొదటిసారి వచ్చినప్పుడు, నలభై దాటిన మగవాళ్లలో నిటారుగా నిలబడగలిగినవాళ్లు తక్కువ. ముందు వెన్ను కొయ్యబారేది, తర్వాత కాళ్లు పడిపోయేవి. రాజమ్మ మొగుడు బాలశౌరి క్వారీలో రాళ్లు కొట్టిన మనిషి, మంచంలో పక్కకు ఒత్తిగిలలేక పడి ఉన్నాడు. ఊళ్లో ఉన్నవి రెండే బావులు. తూర్పు వైపు బావి నీళ్లు తియ్యగా ఉంటాయి, బడి వెనక బావి నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. నరహరి రెంటినీ పరీక్షకు పంపాడు. తియ్యటి నీళ్లలోనే ఉంది విషం. ఎముకల్ని గట్టిపరిచి నరాలను నొక్కేసేది అదే. ఆ సంగతి రాసి విదేశీ పత్రికకు పంపాడు. అందులో తూర్పు బావి మొదటి బావి, బడి బావి రెండో బావి.

ఆ ఒక్క వ్యాసంతో ఆయన దశ తిరిగింది. తోటి డాక్టర్లు రాసినవి అచ్చువేసినవాడు తప్ప మరొకడు చదివిన పాపాన పోలేదు. నరహరి వ్యాసాన్ని మాత్రం లండన్ నుంచి టోక్యో దాకా నరాల జబ్బుల మీద కలం పట్టిన ప్రతివాడూ ఉదహరించాడు. వాళ్లు ఎత్తి రాసుకున్నది ఎక్స్‌రేల సంగతి కూడా కాదు, చివరి వాక్యం. "గ్రామస్థులకు వారి భాషలోనే తెలియజెప్పాం, ఇక పిల్లల తరానికి ఈ జబ్బు సోకదు." సభల్లో ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నరహరి గొంతు తనకు తెలియకుండానే గంభీరమయ్యేది.

ఇప్పుడు దాన్ని రుజువు చేస్తే చాలు, కాలేజీలో పెద్ద కుర్చీ ఆయనదే. అప్పట్లో ఆయన స్టెతస్కోపు లాక్కుని వాకిలంతా పరుగెత్తిన బాలశౌరి కూతురు ఫిలోమినా నిటారుగా నిలబడితే అంతకన్నా రుజువేముంది? కుర్చీ కోసమే అనుకుంటే అన్యాయం. ఆ పిల్ల మీద ఆయనకు నిజంగానే మమకారం ఉంది.

"పిల్లేదీ? పిలువు."

"పిలిస్తే వచ్చేదైతే ఈపాటికి వచ్చేదయ్యా" అంది రాజమ్మ.

నరహరి తల వంచి లోపలికి వెళ్లాడు. ఫిలోమినా గోడకు చేరగిలబడి ఉంది. రెండు మోకాళ్లూ లోపలికి తిరిగి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. పిల్ల మెడ పట్టి వంచి చూశాడు. మెడతో పాటు వీపంతా కదిలొచ్చింది. ఇక ఎక్స్‌రే అక్కర్లేదు. ఆయన గుండె చెరువైంది, ఆ వెనకే కోపం ముంచుకొచ్చింది.

"నా మాట వినలేదన్నమాట! చర్చి ముందు అందర్నీ కూర్చోబెట్టి చెప్పానా లేదా?"

"చెప్పారయ్యా. చెప్పినట్టే విన్నాం."

"అబద్ధం!"

"అబద్ధమెందుకు ఆడతామయ్యా?" మంచంలోంచి తల తిప్పలేక వాసాలను చూస్తూనే అన్నాడు బాలశౌరి. "అంతకుముందు ఏ నీళ్లు దొరికితే అయ్యే తాగేవోళ్లం. మీరు చెప్పిన కాడ్నుంచి ఒకటే బావి. రెండోదాని కాడికి పిల్లని పోనియ్యనే లేదు."

"అలా అయితే ఇలా ఎందుకవుతుంది? అసలు నేనేం చెప్పానో చెప్పు, చూద్దాం!"

రాజమ్మ జపం అప్పజెప్పినట్టు చెప్పింది. "'ఇకనుంచి పిల్లలకి మంచినీళ్లే తాగించండి, వేరే నీళ్ల జోలికి పోబాకండి' అన్నారు."

ఒక్క మాట పొల్లుపోలేదు. పెద్ద పెద్ద మాటలు, లెక్కలు మానేసి, పల్లెటూరివాళ్లకు అర్థమయ్యేలా అంత తేలిగ్గా చెప్పగలిగినందుకు ఆరోజు తనను తానే మెచ్చుకున్నాడు.

"మరి ఏ బావి నీళ్లు తాగుతున్నారు? చూపించు, పద."

రాజమ్మ బిందె చంకన పెట్టుకుని ముందు నడిచింది. ఊరి వీధి దాటి తూర్పుకు తిరిగి, గిలక దగ్గర ఆగింది.

నరహరి వెనక్కి తిరిగి బడి వైపు చూశాడు. "ఇదేమిటి? ఇక్కడికెందుకు తీసుకొచ్చావు? బడి వెనక బావి కాదా?"

రాజమ్మ ఆయన వంక వింతగా చూసింది.

"మా ఊళ్లో మంచినీళ్ల బావంటే ఇదేనయ్యా."