ఆఖరి టైలు

గుంతకల్లులోని ఆ కొత్త ఆఫీసులో నేలంతా ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన పింగాణీ టైల్సే. కింద వైర్ల కోసం జానెడు సందు. ఏ ఊళ్లో పని చేసినా, ఆఖరి టైలు మూసేముందు టైల్స్ పరిచే ఎర్రప్ప, "చెయ్యి తీసినావా జయరామా?" అని కేకేసేవాడు. అవతల మూల వైరు లాగే జయరాం, "తీసినాన్నా, మూసెయ్" అనేవాడు. ఏడేళ్ల అలవాటు.

జయరాం చచ్చిపోయి నెలైంది. ఈ రాత్రి ఎర్రప్ప ఒక్కడే పని ముగించి, అలవాటు కొద్దీ ఆ మాటే అడిగినాడు. టైలు దించబోయినాడు.

"ఉండన్నా, ఇంకా తీయలే" అని సందులోంచి వినపడింది.

ఎర్రప్ప పారిపోలేదు. నెల రోజులుగా తనని పలకరించినోళ్లే లేరు. బోర్లా పడుకుని, "అన్నం తింటివా, జయరామా?" అంటా చీకట్లోకి చెయ్యి చాపినాడు.

చల్లని చెయ్యి ఒకటి గట్టిగా పట్టుకుంది.

"ఇంగ మూసెయ్, అన్నా."