పై వరుసలో గొంతు

“నీ కళ్ళు కాకులెత్తుకెళ్ళాయా? ఆ విజిల్ అక్కడ పడేసి ఇంటికి పో!”

పై వరుసలోంచి మళ్ళీ ఆ గొంతే. చుట్టిన పేపర్లోంచి అరుస్తోందేమో, రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది. ఈ సీజన్లో ఏ హాల్లో మ్యాచ్ ఉంటే ఆ హాల్లో ప్రత్యక్షం. ఆట ఆగినా తిట్లు ఆగవు. ఇందాక “నో బాల్!” అని కూడా అరిచింది. బాస్కెట్‌బాల్‌లో నో బాల్ ఏమిటో ఆ దేవుడికే తెలియాలి.

విరామంలో రిఫరీ నీళ్ళు తాగుతూ టైమ్‌కీపర్ దగ్గర వాపోయింది. “మా అత్తగారు కూడా నన్నింతవరకూ పల్లెత్తు మాట అనలేదన్నా! ఈవిడకి నేనేం అపకారం చేశాను?”

“ఓసారి తలెత్తి ఎవరో చూడకపోయావా?”

“చూశామంటే తిట్లు తగిలినట్టే లెక్క. అసలే సెలక్షన్ మేడమ్ ఇవాళ వచ్చి కూర్చున్నారు. ఈసారి కూడా ఫైనల్ ఇవ్వకపోతే ఇక మానేస్తానన్నా.”

రెండో సగంలో తిట్లు రెట్టింపయ్యాయి. చివరి నిమిషంలో గెలుస్తున్న జట్టు మీద ఫౌల్ ఇవ్వాల్సి వచ్చింది. ఇచ్చింది. వాళ్ళ వైపు కూర్చున్న నలుగురూ గొణిగి ఊరుకున్నారు. పై వరుస గొంతు మాత్రం పైకప్పు లేచిపోయేలా అరిచింది. రిఫరీ ఎత్తిన చెయ్యి దించలేదు.

మ్యాచ్ అయ్యాక సెలక్షన్ మేడమ్ పిలిచారు.

“ఫైనల్ నీదే.”

రిఫరీ మెడలోని విజిల్‌ని గుప్పిట్లో పట్టుకుంది.

“పోయినేడు కూడా రూల్స్‌లో, పరుగులో నువ్వే ముందు. కానీ నీ మ్యాచ్‌లకి జనమే రారాయె. తిట్లు పడితే తట్టుకుంటావో లేదో మాకెలా తెలుస్తుంది? అందుకే ఓర్పు మార్కుల దగ్గర సున్నా వేశాం.”

“తెలుసు మేడమ్. ఆ రోజు ఇంట్లో అందరి ముందూ చెప్పుకుని ఏడ్చాను.”

“ఈసారి ఆవిడ పుణ్యమా అని పూర్తి మార్కులు. అన్ని తిట్లు తిని ఒక్కసారైనా తల తిప్పలేదు నువ్వు. వెళ్ళి ఆవిడకో దండం పెట్టుకో.”

మేడమ్ వేళాకోళానికే అన్నారు గానీ, రిఫరీ నిజంగానే మెట్లెక్కింది. ఇన్నాళ్ళూ ఏడిపించిన మనిషి మీద ఇప్పుడు కోపం లేదు, కృతజ్ఞతతో కళ్ళు చెమర్చాయి. పై వరుసలో తలచుట్టూ శాలువా కప్పుకున్నావిడ అటు తిరిగి, సీసా ఎత్తి గడగడా నీళ్ళు తాగుతోంది.

“అమ్మా, మీరెవరో నాకు తెలీదు. మీ నోటి చలవ వల్లే నాకు ఫైనల్ వచ్చింది. మీ రుణం తీర్చుకోలేను,” అంటూ చేతులు జోడించింది.

“రుణం సంగతి తర్వాత. ముందు ఇంటికి పద, గొంతుకి కాస్త వేడినీళ్ళు పెట్టిద్దువు గాని. ఫైనల్లో ఇంకా గట్టిగా తిట్టాలి కదా!” అన్నారు అత్తగారు, శాలువా తీస్తూ.