అనకూడని మాట

కంపాలా పొలిమేరలో బడి ముందు టమాటాలమ్ముకునే కవలల తల్లి నలోంగోను రోడ్ల ఇంజినీరు అడిగాడు.

"ఇక్కడ స్పీడ్ బ్రేకర్ వేయాలంటే చావు జరిగి ఉండాలమ్మా. ఎవరైనా చచ్చిపోయారా?"

"లేదు నాయనా, ఎవరూ చావలేదు," అంటూ ఆమె చిన్నవాడు కటో చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పెద్దవాణ్ణి పోయిన నెలలో అక్కడే మినీబస్సు గుద్దేసింది. కానీ మా బుగాండాలో కవలల్లో ఒకడు పోతే ఎగిరిపోయాడనాలి. చచ్చాడంటే మిగిలినవాడికి కీడు.

ఇంజినీరు వెళ్లగానే చేపలమ్మే పొరుగామె మండిపడింది. "నిజం చెబితే నీ సొమ్మేం పోయిందే?"

"నా కటో ఉన్నాడుగా. వాడికేమన్నా అయితే?"

వానలు మొదలయ్యాక ఇంజినీరు మళ్లీ వచ్చి అదే అడిగాడు. నలోంగో ఒక్కతే కూర్చుని ఉంది.

"చచ్చిపోయారు నాయనా. నా పిల్లలిద్దరూ చచ్చిపోయారు. ఇక వేయించు."