లోపలి గీత

"మ్యాప్‌లో ఖాళీ స్థలం కనపడటం లేదమ్మా."

మ్యాప్ ఆఫీసుకొచ్చిన పెద్దాయన మాటకు అక్కడి ప్రోగ్రామర్ తల కూడా ఎత్తలేదు. ఊపిరి సలపని పనిలో ఉంది మరి.

నగరం పాత మ్యాపులన్నీ ఆమే జేసన్ ఫైళ్ళలోకి మార్చింది. అంటే వీధులూ ఇళ్ళూ అంకెల వరసలైపోతాయి, కంప్యూటర్ ఆ అంకెలు చదివి మళ్ళీ గీతలు గీస్తుంది. అభ్యంతరాలకు ఆ సాయంత్రమే గడువు. తర్వాత మ్యాప్‌లో ఉన్నదే ఖాయం.

"ఎక్కడండీ?"

"కొత్త బడి వెనక బ్లాకు."

ఆమె తెరిచి చూసింది. "చుట్టూ గీత చక్కగా ఉందిగా!"

"చుట్టూ సరే. లోపల?"

"లోపలేముంటాయండీ, ఇళ్ళే."

"పిల్లలాడుకునే చోటమ్మా. ఇలాగే వదిలేస్తే చుట్టుపక్కల వాళ్ళు తలా కాస్త గోడలు జరుపుకుంటారు."

"మీ స్థలమా?"

"పిల్లలదని చెప్తున్నాగా."

ఆమెకు చిర్రెత్తింది. వారమంతా ప్రహరీగోడల తగాదాలు విని విని చెవులు చిల్లులు పడ్డాయి. ఈయనెవరో పనీపాటా లేక వచ్చాడనుకుంది.

"సాయంత్రం మళ్ళీ రండి, చూద్దాం."

"అప్పటికి నేను ఊళ్ళో ఉండనమ్మా."

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

ఆయన చీటీ మీద ఫోన్ నంబరు రాసి పెట్టి, రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆమె చివరి పరీక్ష మొదలుపెట్టింది. జేసన్‌ను తిరిగి పాత రూపంలోకి మార్చాలి. వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగి రావాలి.

రాలేదు. కొన్ని బ్లాకులు ఉన్నదానికన్నా పెద్దవైపోయాయి.

ఆమె ఆ బ్లాకుల అంకెలు తెరిచి చూసింది. మధ్యలో ఖాళీ ఉన్న బ్లాకుకు గీతలు రెండు, బయటిదొకటి, లోపలిదొకటి. ఆమె ప్రోగ్రాం మొదటిది తీసుకుని రెండోది వదిలేసింది. చేతి గాజును పళ్ళెం చేసిపెట్టింది!

తప్పు దిద్దింది. లోపలి గీతలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. బడి వెనక బ్లాకు మధ్యలో, ఒక మూల ఏటవాలుగా తెగిన మైదానం తేలింది.

ఆ మూల ఆమెకు తెలుసు!

అక్కడే సైకిల్ నేర్చుకుంటూ మోకాలు చెక్కుకుపోయింది. అప్పట్లో బడి లేదు, వీధి పేర్లు వేరు. నాన్నకు బదిలీ అయ్యాక మళ్ళీ అటు వెళ్ళిందీ లేదు. గోడ మీంచి అమ్మ కేకలు, చీకట్లో దొరకని రబ్బరు బంతి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఎంత బాగుండేవి ఆ సాయంత్రాలు!

పొద్దున్నే గాజుపెంకులు ఏరుతూ ఒకాయన కనిపించేవాడు. పిల్లలంతా వాచ్‌మన్ మామ అనేవాళ్ళు. సందె పడితే చాలు, కేకలేసేవాడు.

"ఇళ్ళకు పదండర్రా! ఓనరు చూశాడంటే రేపట్నుంచి అడుగు పెట్టనివ్వడు!"

ఎప్పుడూ చూడని ఆ ఓనరంటే అందరికీ హడలు.

పొద్దున వచ్చింది ఆ మామే. జుట్టు నెరిసింది గానీ గొంతు అదే.

ఆమె గబగబా నంబరు నొక్కింది. ఎవరో ఇంటావిడ ఎత్తింది.

"వాచ్‌మన్ మామ ఉన్నారాండీ?"

"వాచ్‌మనెవరమ్మా?"

"అదేనండీ, మైదానానికి కాపలా ఉండేవారు. మ్యాప్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నా. మైదానం మళ్ళీ వచ్చేసిందని చెప్పాలి."

"అయ్యో, ఇందాకే బయల్దేరిపోయారు తల్లీ. ఒంట్లో ఓపిక తగ్గిందని చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఇక తిరిగి రారు. మీ ఆఫీసు నుంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం కూడా ముట్టలేదు."

ఆమె తెర మీది మైదానం వంక చూసింది.

"పోనీ, ఆ స్థలం ఓనరెవరో చెప్పండి. ఆయనకైనా చెప్తాను."

అవతల ఇంటావిడ నిట్టూర్చింది.

"ఆయన కాక వేరే ఓనరెవరమ్మా, ఇల్లు కట్టుకుందామని ఆ స్థలం కొని, పునాది తవ్వించబోయిన రోజు పిల్లలంతా అక్కడ ఆడుకుంటుంటే చూసి కూలీల్ని వెనక్కి పంపేసి, ఇన్నేళ్ళూ మా వెనక గదిలో అద్దెకుండిపోయారు ఆ మహానుభావుడు!"